అప్‌డేట్: పొద్దున పూట వణికే ఇంజిన్ సంగతి

పొద్దున్నే స్టార్ట్ చేయగానే మా పెట్రోల్ కారు వణుకుతోందని, తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పికప్ తగ్గిందని, ఒక వర్క్‌షాపువారు ఇంజిన్ మొత్తం డీకార్బనైజ్ (లోపల పేరుకున్న మసి తీయడం) చేయించమన్నారని రెండు నెలల క్రితం అడిగాను. చేయించలేదు.

మీలో ఒకరు సూచించినట్టు మరో మెకానిక్ దగ్గర ముందుగా స్పార్క్ ప్లగ్గులు విప్పించాను. నాలుగింటి కొనల మీదా వేలికి అంటుకునే పొడి మసి ఉంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో రేకు మూసుకునే అంచు చుట్టూ, పాత దోసె పెనానికి పట్టినట్టు నల్లటి జిడ్డు వలయంలా కట్టింది. మాది ఇన్‌టేక్ పోర్టులోకి, అంటే సిలిండర్‌కు గాలి వెళ్లే దారిలోకి, పెట్రోల్ చిమ్మే రకం కనుక ఆ పెట్రోలే అక్కడి వాల్వులను కడుగుతుంటుందని, నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలోనే వాటి వెనుక కార్బన్ ఎక్కువగా పేరుకుంటుందని ఆయన వివరించారు.

అసలు తప్పు నా అలవాట్లదే. బాలాజీ కాలనీ నుంచి ఆఫీసుకు మూడు కిలోమీటర్లే. చల్లని ఇంజిన్‌కు పెట్రోల్ ఎక్కువగా అందుతుంది, ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని మసిని కాల్చుకోలేదు, నేనేమో అంతకుముందే ఆపేసేవాణ్ణి. పైగా వేడెక్కాలని ఐదు నిమిషాలు ఊరికే నిలబెట్టి ఉంచేవాణ్ణి (అదేదో జాగ్రత్త అనుకుని!).

ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ శుభ్రం చేయించిన రోజే వణుకు పోయింది. ఆ ఘనత నా డ్రైవింగ్‌ది కాదు. ఇప్పుడు దగ్గరి పనులకు నడుస్తున్నాను, నాలుగో గేరులో ముప్పై వేగంతో ఈడ్చడం మానేశాను, వీలైన ఆదివారాల్లో చిత్తూరు దాకా వెళ్లివస్తున్నాను. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నిన్న ఒక ప్లగ్గు విప్పి చూస్తే కొన లేత గోధుమరంగులో ఉంది.