శాండ్ క్రీక్ చూసొచ్చాక ఒక సందేహం: పాత కౌబాయ్ సినిమాలు పిల్లలకు చూపించవచ్చా?

డెన్వర్ నాన్న:
అందరికీ నమస్కారం. కొలరాడోలో ఉంటాను. కౌబాయ్ సినిమాల పిచ్చి నాకు మా నాన్నగారి నుంచి వచ్చింది. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు ఆయన కాలేజీ కుర్రాడు. కృష్ణ గుర్రం మీద వస్తుంటే హాల్లో ఎంత గోల జరిగిందో ఇప్పటికీ చెప్తారు. ‘మెకన్నాస్ గోల్డ్’ నేను ఆయన పక్కన కూర్చునే చూశాను. తర్వాత నా అంతట నేను వెతుక్కుని చూసినవాటిలో జాన్ ఫోర్డ్ తీసిన ‘ది సెర్చర్స్’ (1956) నాకు ప్రాణం. ఆ ఎర్ర కొండలు, చీకటి గుమ్మంలోంచి కనిపించే ఎడారి, జాన్ వేన్ నడక. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

పోయిన నెల పదమూడేళ్ళ మా అబ్బాయిని తీసుకుని శాండ్ క్రీక్ వెళ్ళాను. డెన్వర్ నుంచి దాదాపు మూడు గంటల డ్రైవ్. అక్కడ గడ్డి, గాలి, ఎండిన వాగు తప్ప ఏమీ లేదు. 1864 నవంబర్ 29 తెల్లవారుజామున కర్నల్ షివింగ్టన్ నడిపిన అమెరికా సైన్యం అక్కడి షయెన్, అరాపహో అనే మూలవాసి తెగల గుడారాల మీద పడింది. సైన్యం తమను కాపాడుతుందన్న నమ్మకంతోనే వాళ్ళు అక్కడ దిగారు. పెద్దాయన బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా, దాంతోపాటు తెల్ల జెండా కూడా ఎగరేశాడు. అయినా సుమారు 230 మందిని చంపారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు.

తిరుగు ప్రయాణంలో మావాడు అడిగాడు: “నాన్నా, నీ సినిమాల్లో ఇది ఉందా?” ఆ శనివారమే వాడికి ‘ది సెర్చర్స్’ చూపిద్దామనుకున్నాను. ఆగిపోయాను. చూపించాలా, వద్దా? మీ అభిప్రాయం చెప్పండి.

రీలు పెట్టె:
తప్పకుండా చూపించండి. ఆ సినిమా మీద ‘జాత్యహంకారం’ అని ముద్ర వేసేవాళ్ళు దాన్ని సరిగ్గా చూడలేదని నా నమ్మకం. జాన్ వేన్ వేసిన ఈథన్ పాత్ర మనం మెచ్చుకోవాల్సిన హీరో కాదండీ. చచ్చిపడి ఉన్న కొమాంచీ తెగ మనిషి కళ్ళల్లోకి కాలుస్తాడు, కళ్ళు లేకపోతే వాడి ఆత్మ గాలిలో తిరుగుతూనే ఉంటుందని. తోడబుట్టినవాడి కూతుర్ని ఏళ్ళ తరబడి వెతుకుతాడు. ఆమె కొమాంచీల్లో కలిసిపోయిందని తెలిశాక చంపాలని చూస్తాడు. ద్వేషం ఒక మనిషిని ఏం చేస్తుందో 1956లోనే ఇంత సూటిగా చూపించిన సినిమా అది. చివర్లో అందరూ ఇంట్లోకి వెళ్ళిపోతారు, అతనొక్కడే గుమ్మం బయట మిగిలిపోతాడు. ఆ ఇంట్లో అతనికి చోటు లేదని ఫోర్డ్ తీర్పు చెప్పేశాడు.

అవతలివాళ్ళ మాట కూడా ఉంది. కొమాంచీ నాయకుడు స్కార్ తన ఇద్దరు కొడుకుల్ని తెల్లవాళ్ళు చంపారని చెప్తాడు. ఈథన్, స్కార్ ఒకే అచ్చులో పోసిన మనుషులు.

సోషల్ టీచర్:
రీలు పెట్టె గారూ, మీరు చెప్పిన సీన్లన్నీ నిజమే. ఒక్క విషయం ఆలోచించండి. ఆ స్కార్ వేషం వేసింది హెన్రీ బ్రాండన్, జర్మనీలో పుట్టిన తెల్ల నటుడు. వెనకాల కొమాంచీలుగా నిలబడింది నవహోలు, అంటే వేరే తెగవాళ్ళు. కథ జరిగేది టెక్సాస్‌లో, తీసింది నవహోల నేల మీద, మాన్యుమెంట్ వ్యాలీలో. కోనసీమ కథని గండికోట లోయలో తీసి ఇదే కోనసీమ అంటే మనం ఊరుకుంటామా? అక్కడివాళ్ళు ఎవరైనా ఒకటే, ఏ నేలైనా ఒకటే అన్న ఆలోచన అందులో ఉంది. నాకు బాధ కలిగించేది అదే.

ఇంకో పెద్ద సంగతి. ఈ కథ వింటే గుర్తొచ్చే నిజమైన మనిషి సింథియా ఆన్ పార్కర్. 1836లో చిన్నపిల్లగా ఉన్నప్పుడు టెక్సాస్‌లో కొమాంచీలు ఎత్తుకుపోయారు. 24 ఏళ్ళు వాళ్ళతోనే పెరిగింది, వాళ్ళ నాయకుడిని పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది. 1860లో టెక్సాస్ రేంజర్లు ఆమెను పట్టుకొచ్చి ‘విడిపించాం’ అన్నారు. ఆమె మాత్రం భర్త దగ్గరికి, కొడుకుల దగ్గరికి వెళ్ళిపోవాలని ప్రయత్నిస్తూనే ఉంది. పోనివ్వలేదు. ఆ కొడుకుల్లో ఒకడే తర్వాత కొమాంచీల పెద్ద నాయకుడైన క్వానా పార్కర్. సినిమాలో అమ్మాయిని చేతుల్లోకి ఎత్తుకుని ‘ఇంటికి పోదాం’ అన్నప్పుడు మనకు కళ్ళు చెమరుస్తాయి. సింథియాకి అది రెండోసారి ఎత్తుకుపోవడం. ఆమె వైపు నుంచి ఆ కథ ఎవరు తీశారు?

నేల టికెట్:
మాస్టారూ, మీరు మరీ బరువు పెంచేస్తున్నారు. నాకిష్టమైన వెస్టర్న్‌లు, అదే కౌబాయ్ సినిమాలు, సెర్జియో లియోన్ తీసినవి. ఇటలీ డైరెక్టర్, స్పెయిన్‌లో అల్మెరియా ఎడారి, ఎన్నియో మొరికోనె ఈల పాట. అందులో అమెరికా ఎక్కడుందండీ? మన జానపద సినిమాల్లో రాజకుమారుడు, మాంత్రికుడు ఎలాగో, అక్కడ ఒంటరి గుర్రపు మనిషి అలాగ. మనవాళ్ళూ రాజస్థాన్ ఇసుకలో తీసి మెప్పించారు. ‘పాతాళభైరవి’ చూసి ఎవరూ చరిత్ర నేర్చుకోరు కదా. పిల్లాడిని హాయిగా చూడనివ్వండి.

సోషల్ టీచర్:
నేల టికెట్ గారూ, నేర్చుకోమని అనుకుంటాం, నేర్చేసుకుంటాం. చిన్నప్పుడు మా వీధిలో కౌబాయ్ ఆట ఆడేవాళ్ళం. ‘రెడ్ ఇండియన్’ ఎవరయ్యేవాడో తెలుసా? అందరికంటే చిన్నవాడు, లేకపోతే ఆటలో ఎవరికీ అక్కర్లేనివాడు. వాడి పని అరుస్తూ వచ్చి చచ్చిపోవడం. ఆ రూలు మాకు సినిమాలే నేర్పాయి.

అమెరికాలో పడమటికి వలస వెళ్ళే బళ్ళ మీద దాడి అనగానే మీ కళ్ళ ముందు ఏ సీను వస్తుంది? బళ్ళన్నీ గుండ్రంగా నిలబెట్టి కాల్పులు. నిజానికి అలా నిలబెట్టేది ఎక్కువగా రాత్రిపూట పశువులు పారిపోకుండా. చరిత్రకారుడు జాన్ అన్రూ లెక్క ప్రకారం 1840–60 మధ్య ఆ దారుల్లో మూలవాసుల చేతిలో చనిపోయిన వలసదారులు 362 మంది, వలసదారుల చేతిలో చనిపోయిన మూలవాసులు 426 మంది. కలరాకి మాత్రం వేలమంది పోయారు. కలరా గురించి ఎన్ని వెస్టర్న్‌లు ఉన్నాయి?

తుపాకీల సంగతీ అంతే. 1881లో అరిజోనాలోని టూంబ్‌స్టోన్ ఊళ్ళో జరిగిన ఓ.కె. కొరాల్ కాల్పులు సుమారు అర నిమిషం. ఊళ్ళో ఆయుధాలు పట్టుకు తిరగకూడదన్న రూలు అమలు చెయ్యబోతేనే ఆ గొడవ మొదలైంది. ఊరికి ఆ రూలు ఉందని సినిమాల వల్ల మనలో ఎంతమందికి తెలిసింది?

కాలిఫోర్నియా అక్క:
నేనొక్క మాట. వెస్టర్న్‌లలో రైలు వస్తుంది, పట్టాలు వేసినవాళ్ళు కనిపించరు. ఇక్కడ సియెర్రా కొండల్లో సొరంగాలు తొలిచింది వేలాదిమంది చైనా కూలీలు. 1869 మే 10న యూటాలోని ప్రామొంటరీలో తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన రెండు రైలు దారుల్ని కలిపారు. పదమూడేళ్ళు తిరగకుండానే, 1882లో, చైనా కూలీలు ఈ దేశంలో అడుగుపెట్టకూడదని చట్టం చేశారు. వీసాల మీద బతికే మనం ఈ కథ పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

రీలు పెట్టె:
మాస్టారూ, సింథియా గురించి మీరు రాసింది రాత్రి మళ్ళీ చదివాను. ఆ సినిమా ఆమెకు అన్యాయం చేసిందని ఒప్పుకుంటున్నాను. అయినా పిల్లాడికి చూపించొద్దు అన్న మాట మాత్రం ఒప్పుకోను. ‘లుక్’ అనే కొమాంచీ అమ్మాయి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈథన్‌తో కలిసి వెతికే కుర్రాడు మార్టిన్‌కి బేరంలో పొరపాటున పెళ్ళాం అవుతుంది. అతను ఆమెను కాలితో తన్ని దొర్లించడం ఫోర్డ్ కామెడీగా తీశాడు. ఆ తర్వాత సైన్యం కాల్చేసిన గూడెంలో ఆమె శవం దొరుకుతుంది. “సైనికులు ఈమెనెందుకు చంపాలి? ఎవరికీ ఏ హానీ చెయ్యలేదే” అని బాధపడతాడు మార్టిన్. ఒకే సినిమాలో ఆ తన్నూ ఉంది, ఆ శవమూ ఉంది. నా అభిమానం ఇప్పటికీ ఆ శవం దగ్గర ఆగే సినిమా మీదే.

సోషల్ టీచర్:
నేను చూపించొద్దు అనలేదండీ. ఒంటరిగా చూడనివ్వొద్దు అంటున్నాను. ముందు శాండ్ క్రీక్, తర్వాత సినిమా. డెన్వర్ నాన్న గారు తెలియకుండానే సరైన వరస పాటించారు. ఇంకొకటి కూడా చెప్పండి: ఆ రోజు కాల్చమని తన దళానికి ఆజ్ఞ ఇవ్వనన్న కెప్టెన్ ఒకాయన ఉన్నాడు, సైలస్ సోల్. తర్వాత విచారణలో షివింగ్టన్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్‌లో డెన్వర్ వీధిలోనే ఆయన్ని కాల్చి చంపారు. వెస్టర్న్‌కి కావాల్సిన హీరో మీ ఊళ్ళోనే ఉన్నాడు.

డెన్వర్ నాన్న:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి చూశాం. సోల్ కథ ముందే చెప్పాను. మాకు దగ్గర్లో ఉన్న పెద్ద కొండ పేరు 2023 వరకూ మౌంట్ ఎవాన్స్. శాండ్ క్రీక్ జరిగినప్పుడు గవర్నర్‌గా ఉన్న మనిషి పేరు అది. ఇప్పుడు దాన్ని మౌంట్ బ్లూ స్కై అంటున్నారు. అది కూడా చెప్పాను.

లుక్‌ని తన్నే సీను దగ్గర నేను కాలేజీ రోజుల్లో పగలబడి నవ్వేవాణ్ణి. నిన్న మావాడు నవ్వలేదు. నావైపు చూశాడు, నేను నవ్వుతున్నానా అని. ఆమె శవం కనిపించినప్పుడు “ఈ గూడెం కూడా జెండా కట్టిందా?” అని అడిగాడు. ఫోర్డ్ తీసింది శాండ్ క్రీక్ కాదు, కాబట్టి “లేదు” అన్నాను. వాడు సినిమా ఆపమన్నాడు. కాసేపటికి మళ్ళీ వాడే పెట్టమన్నాడు.

రీలు పెట్టె గారూ, చివర్లో ఆ గుమ్మం సీను వాడికీ నచ్చింది.