అప్‌డేట్: ఇంగ్లీషులో ‘వెరీ’ వదిలించుకోవడం గురించి

ఇంగ్లీషులో ఏం వర్ణించినా ‘వెరీ’, ‘బ్యూటిఫుల్’ దగ్గరే ఆగిపోతున్నాను, ఏం చేయాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. విశేషణాలు పేర్చకుండా, బొమ్మ కట్టించే నామవాచకాలు నేర్చుకోమని మీరు చెప్పారు. మూడు నెలలుగా అదే చేస్తున్నాను. నిజంగా పనిచేసింది!

వెలుగునే తీసుకోండి. గ్లింట్ అంటే చటుక్కున మెరిసే మెరుపు, గ్లిమర్ మినుకుమినుకుమనేది, గ్లో మెత్తగా నిలిచి ఉండేది, గ్లేర్ కళ్లలో గుచ్చుకునేది. ‘వెరీ బ్రైట్ లైట్’ అని రాసేచోట ఇప్పుడు గ్లేర్ ఒక్కటే చాలు. పెట్రికోర్ అయితే నాకు ప్రాణం: ఎండిన నేల మీద వాన పడగానే లేచే ఆ వాసన. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్టిన పేరు.

పదాన్ని ఒంటరిగా కాక ‘ఎ గ్లిమర్ ఆఫ్ హోప్’ (మిణుకుమనే చిన్న ఆశ) లాగా జతతో నేర్చుకోమన్న సలహాకు ప్రత్యేకంగా థాంక్స్. శబ్దాల పదాల్లో ఇంకా తడబడుతున్నాను. ఈ వారం మర్మర్ (గుసగుసలాంటి మెల్లని శబ్దం), రసల్ (ఎండుటాకుల గలగల) పట్టుకున్నాను.