ఒక్క రక్తపరీక్షలో గ్రోత్ హార్మోన్ తక్కువగా వస్తే లోపం ఉన్నట్టేనా?

ప్రశ్న:
మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. తరగతిలో అందరికంటే పొట్టిగా ఉన్నాడని పొద్దున్నే గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయిస్తే దాదాపు సున్నా వచ్చింది. రిపోర్టు చూసిన బంధువులు వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టమంటున్నారు. ఈ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
ఆ ఒక్క అంకెను బట్టి ఏ నిర్ణయానికీ రాకండి. గ్రోత్ హార్మోన్ తయారయ్యేది పిట్యూటరీ గ్రంథిలోనే అయినా, దాని పగ్గాలు మెదడులోని హైపోథాలమస్ చేతిలో ఉంటాయి. అక్కడి నుంచి వచ్చే జీహెచ్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ దాని విడుదలను ప్రేరేపిస్తుంది, సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోన్ అడ్డుకుంటుంది; అందువల్ల గ్రోత్ హార్మోన్ రక్తంలోకి విడతలు విడతలుగా వస్తుంది. పిల్లల్లో పెద్ద విడత గాఢనిద్ర పట్టిన కాసేపటికి వస్తుంది కాబట్టి, పగటిపూట ఏదో ఒక క్షణాన తీసిన రక్తంలో అది ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి కూడా దాదాపు కనిపించకపోవచ్చు. అందుకే డాక్టర్లు ముందు ఏడాదికి ఎంత ఎత్తు పెరుగుతున్నాడో చూసి, ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు అంచనా వేసి, థైరాయిడ్, ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ప్రభావంతో తయారై ఎదుగుదలకు తోడ్పడే హార్మోన్) పరీక్షలు చేయిస్తారు. అప్పటికీ అనుమానం మిగిలితే గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే క్లోనిడిన్ లేదా గ్లూకగాన్ మందు ఇచ్చి, కొంత కొంత వ్యవధిలో పలుమార్లు రక్తం తీస్తారు. థైరాయిడ్ లోపం ఉంటే దాన్ని ముందు సరిచేయాలి, లేకపోతే ఈ పరీక్ష ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది.

రెండో జవాబు:
లోపం ఉందని తేలినా, అది ఏ మెట్టులో ఉందన్నది ముఖ్యం. పాకిస్తాన్‌లోని సింధ్ ప్రాంతంలో ఒకే వంశానికి చెందిన పలువురు పొట్టిగా ఉండిపోవడానికి కారణం పిట్యూటరీలో జీహెచ్‌ఆర్‌హెచ్‌ను అందుకునే గ్రాహకం జన్యులోపం వల్ల పనిచేయకపోవడమని 1990లలో తేలింది. మెదడు ఆదేశం పంపుతున్నా గ్రంథి అందుకోలేని ఇలాంటివారికి గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. లారన్ సిండ్రోమ్ అనే మరో జన్యులోపంలో పరిస్థితి వేరు: గ్రోత్ హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది, కానీ దాన్ని అందుకునే గ్రాహకం పాడవడం వల్ల ఐజీఎఫ్-1 తయారు కాదు, కాబట్టి అదే ఇంజెక్షన్ వృథా; నేరుగా ఐజీఎఫ్-1 ఇవ్వవలసి ఉంటుంది. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, 1982లో జీహెచ్‌ఆర్‌హెచ్‌ను మొదట వేరుచేసింది మెదడు నుంచి కాదు, ఆక్రోమెగాలీ (గ్రోత్ హార్మోన్ అతిగా తయారయ్యే జబ్బు) రోగుల క్లోమంలో పెరిగిన కణితుల నుంచి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మేము ఏమి తీసుకువెళ్ళాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
బడిలో గానీ, టీకాల కార్డులో గానీ నమోదైన పాత ఎత్తులు, తేదీలు, తల్లిదండ్రులిద్దరి ఎత్తులు రాసుకుని వెళ్ళండి. ఈ వయసులో ఏడాదికి 4 సెంటీమీటర్ల కంటే తక్కువ పెరుగుతున్నట్టు తేలితే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల హార్మోన్ల నిపుణులకు చూపించండి.