వందేళ్ల భిక్షుణి నిన్నటి కుర్రాడికి మొక్కాలా?

కొర్లగుంట చదువరి:

మొన్న బుద్ధ పౌర్ణమికి మా పక్క వీధిలో చిన్న సభ పెట్టారు. నలభై కుర్చీలు, ఒక బ్యానరు, మజ్జిగ ప్యాకెట్లు. వక్త బాగానే మాట్లాడాడు. "ఆడవాళ్లకి సన్యాసం ఇచ్చి మగవాళ్లతో సమానంగా కూర్చోబెట్టింది ప్రపంచంలో మొదట బుద్ధుడే" అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు. "సమానం అంటున్నారు, సంతోషం. దీక్ష తీసుకుని వందేళ్లయిన భిక్షుణి అయినా సరే, ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువు కనబడితే లేచి మొక్కాలని వినయ పిటకంలో, అంటే సంఘ నియమాల గ్రంథంలో, ఉంది కదా, దాన్నేమంటారు?" అని అడిగాడు. వక్త నవ్వి, అది తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. ఈలోగా మజ్జిగ వచ్చింది. ఇంక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చి వినయ పిటకంలోని చుల్లవగ్గ అనే గ్రంథంలో ఆ నియమం వెనక కథ చదివాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. బుద్ధుణ్ణి పెంచిన పినతల్లి మహాప్రజాపతి గౌతమి కపిలవస్తులో మూడుసార్లు దీక్ష అడిగింది. మూడుసార్లూ వద్దన్నాడు. ఆమె జుట్టు తీయించుకుని, కాషాయం కట్టుకుని, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వైశాలి దాకా నడిచింది. కాళ్లు వాచిపోయి, ఒళ్లంతా దుమ్ముతో వాకిలి బయట నిలబడి ఏడుస్తుంటే బుద్ధుడి శిష్యుడు ఆనందుడు చూశాడు. ఆయనే లోపలికి వెళ్లి అడిగాడు: ఆడవాళ్లు ఈ దారిలోకి వస్తే చివరిదాకా, అర్హత్వం (పూర్తి విముక్తి) దాకా, వెళ్లగలరా అని. వెళ్లగలరు అన్నాడు బుద్ధుడు. మరి అడ్డేమిటి? అప్పుడు, ఎనిమిది గురుధర్మాలకు, అంటే భిక్షుణులు తప్పక పాటించాల్సిన నియమాలకు, ఒప్పుకుంటే సరే అన్నాడు. అందులో మొదటిదే ఈ మొక్కు.

ఈ ఎనిమిదీ నిజంగా ఆయన పెట్టినవేనా, తర్వాత భిక్షువులు ఆయన పేరుమీద రాసుకున్నవా? ఆయనవే అయితే "సమానం" అన్న మాట మనం మానుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు మాస్టారు:

ముందు ఒక దిద్దుబాటు. "మొదట బుద్ధుడే" అన్నది తప్పు. జైనుల్లో సాధ్వులు అప్పటికే ఉన్నారు. మహావీరుడి సంఘంలో 14,000 మంది మునులైతే, చందన అనే సాధ్వి కింద 36,000 మంది సాధ్వులు ఉండేవారని జైనుల గ్రంథం కల్పసూత్రం చెప్తుంది. అంకెలు అక్షరాలా నమ్మక్కర్లేదు గానీ, ఆడవాళ్లే ఎక్కువమంది అని వాళ్లే ఒప్పుకున్నారు, అది చూడండి.

ఇంక గురుధర్మాలు. ఆ గ్రంథంలోనే ఒక పోలిక ఉంది. పెద్ద చెరువుకి నీళ్లు పొర్లకుండా ముందే కట్ట వేసినట్టు ఈ ఎనిమిదీ వేశాను అంటాడు బుద్ధుడు. మన జిల్లావాళ్లకి చెరువు కట్ట అంటే చెప్పాలా! ఇళ్లు వదిలి వచ్చిన ఆడవాళ్లు అడవుల్లో, దారుల్లో తిరిగే కాలం అది. ఉప్పలవణ్ణ అంతటి భిక్షుణి మీద అడవి కుటీరంలో అఘాయిత్యం జరిగిందని గ్రంథాలే చెప్తున్నాయి. కాపలా లేని గుంపుని ఊరు బతకనివ్వదు. దాన్ని మగ సంఘానికి ముడివేయడం ఆనాటి లోకానికి తగిన తెలివి.

పైగా అదే వినయంలో బంధువు కాని భిక్షుణి చేత భిక్షువు తన పాత చీవరం (కాషాయ వస్త్రం) ఉతికించుకుంటే దోషం అని ఉంది. అంటే సన్యాసినులను చాకిరీకి వాడుకునేవాళ్లు ఉన్నారు, దాన్ని ఆపారు. ఒక్క మొక్కు నియమం పట్టుకుని మొత్తం కొట్టేయకండి.

పలమనేరు పిల్ల:

మాస్టారూ, కాపలా సంగతి ఒప్పుకుంటాను. కాపలా కోసమైతే తోడు ఉండమని చెప్పాలి, వానాకాలం ఒంటరిగా ఉండొద్దని చెప్పాలి. మొక్కితే రక్షణ ఎట్లా వస్తుంది సార్? నిన్న గుండు చేయించుకున్న పిల్లాడికి ముసలామె వంగి దండం పెడితే దారిదొంగ పారిపోతాడా?

మీ పోలికలో కట్ట ఎవరి కోసం? నీళ్లు పొర్లితే మునిగేది ఎవరి పొలం?

ఇంకోటి. ఈ గొడవంతా భిక్షువుల పుస్తకంలో ఉంది. ఆ ఆడవాళ్లే చెప్పుకున్న మాటలు థేరీగాథలో, అంటే ఆనాటి భిక్షుణుల పాటల పుస్తకంలో, ఉన్నాయి, అవి కూడా చదవండి. ముత్త అనే ఆమె, మూడు వంకరవాటి నుంచి బయటపడ్డాను అంటుంది: రోలు, రోకలి, గూని మొగుడు. పుణ్ణిక అనే దాసీ పిల్ల చలిలో నీళ్లు మోస్తూ, పాపం పోతుందని ఏట్లో మునుగుతూ వణికే బ్రాహ్మణుణ్ణి అడుగుతుంది: నీళ్లతో పాపం పోతే కప్పలు, తాబేళ్లు, నీటిపాములు, మొసళ్లు అన్నీ స్వర్గానికే పోవాలి కదా అని. (కపిలతీర్థంలో మునగందే కాఫీ తాగని మా అమ్మమ్మ దగ్గర ఈ మాట అనే ధైర్యం నాకు లేదు.) వీళ్లలో ఎవరైనా "మేం తక్కువవాళ్లం" అన్నట్టు మాట్లాడారా? సోమ అనే భిక్షుణిని మారుడు (మనసును చెదరగొట్టే దెయ్యం), రెండు వేళ్ల తెలివి ఉన్న ఆడదానివి అని ఎకసెక్కం చేస్తే, మనసు కుదురుకున్నాక ఆడతనం అడ్డేమిటి అని పంపేసింది.

చిత్తూరు మాస్టారు:

మునిగేది ఎవరి పొలం అంటే... మంచి ప్రశ్నే అమ్మా. జవాబు ఆలోచించి రాస్తాను.

పాకాల రైతు:

నేను బౌద్ధుణ్ణి కాదు, చరిత్ర చదివినోణ్ణీ కాదు. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే చదివాను. కొర్లగుంట ఆయన చెప్పిన గ్రంథంలోనే ఇంకో మాట ఉందట. ఆడవాళ్లు చేరకపోతే వెయ్యేళ్లు నిలిచే ధర్మం, చేరారు కాబట్టి ఐదు వందల ఏళ్లే నిలుస్తుందని. వరికి తెల్ల తెగులు, చెరుకుకి ఎర్ర తెగులు పట్టినట్టు అని.

అక్కడ నాకు నచ్చలేదు. చెరుకు నేను ముప్పై ఏళ్లుగా వేస్తున్నా. ఎర్రకుళ్లు సంగతి నన్నడగండి. గడని నిలువునా చీలిస్తే లోపల ఎర్రగా ఉంటుంది, మధ్యమధ్య అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన సారా వాసన. ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువగా నాటిన ముచ్చెల్లోనే (విత్తనపు గడ ముక్కల్లోనే) ఉంటుంది. రోగం ఉన్న తోట నుంచి విత్తనం తెచ్చి వేసి, మూడో నెల పక్క పొలంవాణ్ణి తిడితే ఏం లాభం? తెగులు పట్టింది అంటే ముందు మన విత్తనం చూసుకోవాలి.

ఐదు వందల ఏళ్లు అన్నారు. రెండున్నర వేల ఏళ్లు దాటింది. ఇంకా ఉంది కదా?

కొర్లగుంట చదువరి:

అన్నా, ఈ చర్చలో ఇంతవరకు ఇంత మంచి మాట రాలేదు. ఎర్ర తెగులు పోలిక చదివి నేను దాటేశాను.

ఇవాళ ఇంకొన్ని దొరికాయి. ఎనిమిది ధర్మాల్లో ఒకటి, కొత్తగా వచ్చే స్త్రీ రెండేళ్లు శిక్షమాణగా (శిక్షణలో ఉన్న స్త్రీగా) ఉన్నాక భిక్షు, భిక్షుణీ సంఘాలు రెండింటి దగ్గరా దీక్ష అడగాలి అంటుంది. గౌతమే మొదటి భిక్షుణి అయితే, ఆ రోజుకి రెండో సంఘం ఎక్కడుంది? ఈ ఎనిమిదిలో కొన్ని భిక్షుణీ పాతిమొక్ఖంలో (భిక్షుణుల నియమాల జాబితాలో) విడిగా, వేరే సందర్భంలో పెట్టిన నియమాలుగా మళ్లీ వస్తాయి. మొదటి రోజే పెట్టేసి ఉంటే మళ్లీ పెట్టడం దేనికి? ఇది తర్వాత అతికించిన కథ అని చాలామంది పండితులు అనుమానించడానికి కారణాలు ఇలాంటివే. అంబేడ్కర్ కూడా 1951లో మహాబోధి పత్రికలో రాసిన వ్యాసంలో, హిందూ స్త్రీ పతనానికి బుద్ధుడు కారణం అన్నవాళ్లకి జవాబు చెప్తూ, స్త్రీలను తక్కువ చేసే మాటలు తర్వాతి భిక్షువులు చేర్చినవి కావచ్చు అన్నాడు.

ఇంకో సాక్ష్యం. బుద్ధుడు పోయాక రాజగృహంలో మొదటి సంగీతి (భిక్షువుల మహాసభ) జరిగినప్పుడు ఆనందుడి మీద మోపిన తప్పుల్లో ఒకటి, ఆడవాళ్లను సంఘంలోకి రానిచ్చేలా చేశావని. ఆయన జవాబు చూడండి: ఇందులో నాకు తప్పు కనబడలేదు, అయినా మీ మీద గౌరవంతో ఒప్పుకుంటున్నాను. ఆ గదిలో ఎవరి మనసులో ఏముందో అర్థమవుతోంది కదా.

చిత్తూరు మాస్టారు:

"మనకి నచ్చింది బుద్ధుడిది, నచ్చనిది భిక్షువులది" అని పంచుకోవడం మొదలుపెడితే చరిత్ర ఉండదు బాబూ. పుణ్ణిక పాటని మాత్రం అతికించింది కాదని ఎలా నమ్ముతున్నారు? అదీ భిక్షువుల నోటి మీదుగానే వచ్చింది.

గ్రంథాలు పక్కనపెట్టి రాళ్లు చూద్దాం. అమరావతి శాసనాల్లో దాతలుగా భిక్షుణుల పేర్లున్నాయి, వాళ్ల శిష్యురాళ్ల పేర్లున్నాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, వాళ్ల ఇంటి ఆడవాళ్లు విహారాలు కట్టించారు. వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి దానం చేసింది. బోధిసిరి అనే ఉపాసిక, రాజవంశం కూడా కాదు, సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. మన ఆంధ్రలో బౌద్ధం ఆడవాళ్ల డబ్బు మీద నిలబడింది అంటే అతిశయోక్తి కాదు.

పలమనేరు పిల్ల:

డబ్బు మీద నిలబడింది. మాట మీద నిలబడిందా? మా ఊళ్లో గుడికి సిమెంటు మూటలు ఇచ్చిన ఆడవాళ్ల పేర్లు గోడ మీద ఉన్నాయి. కమిటీలో ఒక్కరూ లేరు.

పుణ్ణిక విషయంలో మాత్రం దొరికిపోయాను సార్. ఒప్పుకుంటున్నా.

కొండ మీది అమ్మ కూతురు:

నమస్కారం. ఇన్నాళ్లు చదువుతూ ఊరుకున్నాను. మా అమ్మ తిరుమల కల్యాణకట్టలో క్షౌరం చేస్తుంది. రోజూ ఆడవాళ్లకే.

గౌతమి ఆ ఎనిమిదికి ఒప్పుకుంటూ ఏమందో మీరెవరూ చెప్పలేదు. తలంటుకున్న పడుచుపిల్లకి కలువలదో మల్లెలదో దండ ఇస్తే రెండు చేతులా అందుకుని తల మీద పెట్టుకున్నట్టు వీటిని తీసుకుంటున్నాను అంది. నేను ఇది అమ్మకి చదివి వినిపించాను. చిక్కుళ్లు ఒలుస్తూ వింటోంది. ఆపి అడిగింది: "ఆయమ్మ అప్పటికే గుండు కదా? దండ ఎక్కడ పెట్టుకుంటాది?"

నాకు నోట మాట రాలేదు.

అమ్మ చెప్పేది ఏంటంటే, గుండుకి కూర్చునే ఆడవాళ్లలో రెండు రకాలు. మొక్కుకున్నది తనే అయితే నీళ్లు చల్లగానే తల తనే వంచుతుంది. మొక్కుకున్నది అత్తో మొగుడో అయితే మెడ బిగుసుకుంటుంది, అమ్మ వేలితో నెమ్మదిగా వంచాలి. "మూడు కత్తెర్లు చాలదా" అని చివరి నిమిషంలో అడిగేది వాళ్లే. గుండంతా ఒక్కటే, చందనం రాస్తే అందరూ ఒకేలా ఉంటారు. కానీ మెడ తెలిసిపోతుంది అంటుంది.

తరిగొండ వెంగమాంబ కథ మనందరికీ తెలుసు. మొగుడు పోయాక తల గొరిగించుకోను అని మొండికేసి, చివరికి కొండెక్కి స్వామి దగ్గరే ఉండిపోయిందని చెప్పుకుంటాం. ఆమె జుట్టు ఉంచుకోవడానికి కొట్లాడింది, గౌతమి తీసేసుకోవడానికి. రెండూ ఒకే పని అనిపిస్తుంది నాకు. అందుకే ఆ దండ మాట గౌతమి మనస్ఫూర్తిగా అందా, మెడ బిగించుకుని అందా అని అనుమానం. ఎందుకంటే తర్వాత ఆమే మళ్లీ ఆనందుణ్ణి పంపి, ఆ మొదటి నియమం ఒక్కటి సడలించమనండి, ఎవరు ముందు దీక్ష తీసుకుంటే వాళ్లకే ఎదుటివాళ్లు మొక్కేలా చేయమనండి అని అడిగించింది. అదీ చుల్లవగ్గలోనే ఉంది. కుదరదు అన్నాడు బుద్ధుడు.

అంటే ఈ ప్రశ్న వేసింది మీ సభలో పెద్దాయన కాదు. మొదట గౌతమే వేసింది.

కొర్లగుంట చదువరి:

అమ్మకి నా నమస్కారం చెప్పండి.

పాకాల రైతు:

ఇప్పుడు భిక్షుణులు ఉన్నారా, లేరా? అది చెప్పండి ఎవరైనా.

పలమనేరు పిల్ల:

ఉన్నారన్నా, కానీ పెద్ద చిక్కు. అశోకుడి కూతురు సంఘమిత్త బోధివృక్షం కొమ్మతో శ్రీలంక వెళ్లి అక్కడ భిక్షుణీ సంఘం పెట్టింది. చోళుల దండయాత్రల కాలంలో, 11వ శతాబ్దంలో, అది ఆరిపోయింది. భిక్షుణి కావాలంటే భిక్షుణులే దీక్ష ఇవ్వాలి, ఆ తర్వాత భిక్షువులు. భిక్షుణులే లేరు కాబట్టి ఇంకెప్పటికీ ఉండకూడదు అని చాలామంది పెద్ద భిక్షువుల వాదం. థాయిలాండ్‌లో 1928 నుంచి స్త్రీలకు దీక్ష ఇవ్వకూడదని సంఘం ఆజ్ఞ ఉంది.

మా అమ్మ పొదుపు సంఘం లీడరు. ఇది వినగానే నవ్వింది. సంఘం మూతపడితే పక్క ఊరి సంఘం వాళ్లని సాక్షులుగా పిలిచి కొత్త తీర్మానం రాసుకోరా అంది. అదే జరిగింది! శ్రీలంక భిక్షుణులు 5వ శతాబ్దంలోనే ఓడెక్కి చైనా వెళ్లి అక్కడ దీక్షలు ఇచ్చారు. ఆ పరంపర అక్కడినుంచి కొరియా దాకా బతికే ఉంది. 1996లో సారనాథ్‌లో కొరియా భిక్షుణుల సాయంతో శ్రీలంక స్త్రీలు దీక్ష తీసుకున్నారు. అప్పిచ్చిన విత్తనం పదిహేను వందల ఏళ్లకి తిరిగొచ్చినట్టు. 2022లో భూటాన్‌లో అయితే 144 మందికి ఒకేసారి పూర్తి దీక్ష ఇచ్చారు.

చిత్తూరు మాస్టారు:

చైనాలోది ధర్మగుప్తక శాఖ వినయం, శ్రీలంకలోది థేరవాద శాఖది. పక్క ఊరి సంఘం కాదమ్మా, పక్క బ్యాంకు సంఘం. పుస్తకాలు వేరు, నియమాల లెక్క వేరు: థేరవాద భిక్షుణికి 311, ధర్మగుప్తకలో 348. వద్దనేవాళ్లందరూ ఆడవాళ్లంటే పడనివాళ్లే అనుకోకండి, పరంపర చెడుతుందని నిజంగా భయపడేవాళ్లు ఉన్నారు.

అయితే మీ వైపున ఒక గట్టి మాట ఉంది, నేనే చెప్తాను. "భిక్షువులే భిక్షుణులకు దీక్ష ఇవ్వడానికి అనుమతిస్తున్నాను" అని బుద్ధుడు మొదట్లో చెప్పిన వాక్యం ఒకటి వినయంలో ఉంది. దాన్ని ఆయన రద్దు చేసినట్టు ఎక్కడా లేదు.

చెరువు కట్ట సంగతి రెండు రోజులుగా ఆలోచిస్తున్నా. ఇంకా తెగలేదు.

కొండ మీది అమ్మ కూతురు:

మాస్టారూ, ఆ వాక్యం ఏ భాగంలో ఉందో చెప్పండి, అమ్మకి చదివి వినిపిస్తా. మళ్లీ ఏదో ఒకటి అడుగుతుంది.

కొర్లగుంట చదువరి:

చుల్లవగ్గ పదో భాగంలోనే ఉంది అక్కా, గౌతమి కథ అయిన కాసేపటికే. ఇంతకీ, ఆ రోజు సభలో ప్రశ్న అడిగిన పెద్దాయన ఎవరో ఎవరికైనా తెలుసా? తెల్ల పంచె, చేతిలో గుడ్డ సంచీ. ఇదంతా ప్రింటు తీసి ఇస్తాను.