మొదటి కిరాయి ఇల్లు: వరంగల్‌ల ఫ్లాటా, పోర్షన్ల ఇల్లా, షట్టరా?

ఓరుగల్లు_పోరడు
అందరికీ నమస్తే. వయసు 27, కొలువు హైదరాబాద్‌ల, సొంతూరు హన్మకొండ. చేతుల 15 లక్షలున్నయి. మేం ఉండనీకి కాదు, కిరాయికియ్యనీకే ఏదన్న కొందామని. సుబేదారి దిక్కు డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ చూసిన, 54 లక్షలంటున్నరు, కిరాయి 13 వేలొస్తదట. నాన్న కిషన్‌పురల పాత ఇల్లు చూడమంటడు, మామ షట్టరే కొనమంటడు. కిరాయికిచ్చిన అనుభవమున్నోళ్లు జెర చెప్పుండ్రి.

బ్యాంకు_బాబాయ్
తమ్మీ, లెక్క చూడు. లోన్ 30 లక్షలు దాటితే ధరలో 80 శాతం మించి రాదు. అంటే 43.2 లక్షలు లోన్, 10.8 నీ జేబులకెళ్లి. రిజిస్ట్రేషన్ 7.5 శాతం, ఇంకో 4 లక్షల పైన, దానికి లోన్ లేదు. నీ 15 లక్షలు ఆడికే సాఫ్. 8.5 శాతం వడ్డీ, 20 ఏండ్లు అనుకుంటే కిస్తు 37,500 దాక పడ్తది. వచ్చేది 13 వేలు. మిగతా 24 వేలు నెలనెలా జీతంలకెళ్లే. మెయింటెనెన్స్, ఇంటి పన్ను, ఖాళీగున్న నెలలు వేరే. గిది కిరాయి కోసం కొన్నట్టా, రేటు పెరుగుతదని కొన్నట్టా? రెండోదైతే అట్లనే చెప్పు, తప్పేం లేదు.

ఫ్లాట్_సుఖం
బాబాయ్ లెక్క కరెక్టే గని, హైదరాబాద్‌ల ఉండేటోనికి ఫ్లాటే నయం. నల్లా చెడినా, మోటర్ కాలినా వాచ్‌మన్ చూసుకుంటడు. మా ఫ్లాట్ల ఉండేది పీజీ చదివే డాక్టర్లు, ఎంజీఎం దవాఖానల డ్యూటీ. ఒకరు పోతే తర్వాతోళ్లను వాళ్లే తోలుకొస్తరు. ఒక్కటి చూసుకో, రిజిస్ట్రేషన్ల నీ పేరు మీదికి ఎన్ని గజాల భూమి వస్తున్నదో. పాతబడేది గోడలే, రేటు పెరిగేది ఆ గజాలకే.

మూడు_పోర్షన్ల_అక్క
తమ్ముడూ, నేను మీ నాన్న దిక్కే. మాది కాజీపేటల పాత ఇల్లు, కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి. ఒక్కోదానికి ఆరేడు వేలు. ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగతా రెండు నడుస్తనే ఉంటయి. ఫ్లాట్ ఖాళీ అయితే ఆ నెల సున్నా.

అసలు ముచ్చట మీటర్లు. పోర్షన్‌కో మీటర్ లేని ఇల్లు కొనకు, కొన్నా ముందుగాల అదే పెట్టించు. గృహజ్యోతి, అదే సర్కారు ఫ్రీ కరెంట్ పథకం, వచ్చినకాడి నుంచి ఇల్లు చూడవచ్చినోళ్లు గదులు చూసే ముందే అడిగేది “మీటర్ వేరేనా?” అనే. రేషన్ కార్డున్న కిరాయిదారుకు 200 యూనిట్ల దాక జీరో బిల్లు. ముగ్గురికి ఒకటే మీటరైతే యూనిట్లన్నీ కలిసి 200 దాటుతయి, ఆ పథకం ఎవ్వలికీ అందది, పైసలు పంచుకునే కాడ నెలనెలా పంచాయితే. బోరు మోటర్ ఏ మీటర్ మీద నడుస్తదో కూడా ముందే తేల్చుకో. పెద్ద కొట్లాటలన్నీ ఆడనే మొదలైతయి.

అడ్వాన్స్ ఎక్కువ రాదు, ఒకట్రెండు నెలలదే. కాగితం మాత్రం 11 నెలలకు రాసుకో.

బ్యాంకు_బాబాయ్
అక్క చెప్పింది నిజమే, కాని శానా పాత ఇండ్లల్ల పై అంతస్తుకు పర్మిషన్ ఉండది. లేనిదానికి బ్యాంకు విలువ కట్టది. బేరం 55కు తెగినా, మా వాల్యుయేషన్ 40కే ఆగొచ్చు. ఆ తేడా నువ్వే తేవాలె. రిజిస్ట్రేషన్ లేక ఉత్త నోటరీ కాగితం మీద నడుస్తున్న ఇల్లయితే మా దగ్గరికి రాకు, అసలు కొనకు.

చౌరస్తా_షట్టర్
షట్టర్‌ల దుకాణపోళ్లు కూసుంటే ఏండ్లకేండ్లు కదలరు, సున్నం రంగు కూడా వాళ్లే ఏసుకుంటరు. ఖాళీ అయితే మాత్రం మళ్ల దొరికేదాక గుండె దడే. మొదటిదానికి, అదీ లోన్ మీద, వద్దంటా. రెండోది కొన్నప్పుడు మాట్లాడుకుందాం.

హంటర్‌రోడ్_వాన
నీళ్ల సంగతి ఒక్కలన్నా ఎత్తరేంది? 2020 ఆగస్టుల, మళ్ల 2023 జూలైల నయీంనగర్ నాలా దిక్కు, హంటర్ రోడ్ కాలనీలల్ల ఇండ్లకు నీళ్లొచ్చినయి. ఎండకాలంల అన్ని గల్లీలు మంచిగనే కొడ్తయి. పక్కింటి ముసలమ్మను అడుగు, నీళ్లు ఏ మెట్టు దాక వచ్చినయో చూపిస్తది. ఓనర్ చెప్పడు, బ్రోకర్ అస్సలే చెప్పడు.

ప్లాట్_ప్రేమికుడు
ఇవన్నీ ఎందుకు బ్రో? మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025ల కేంద్రం ఓకే అన్నది. అటు దిక్కు ప్లాట్ తీసి పడెయ్.

మూడు_పోర్షన్ల_అక్క
ప్లాట్‌ల కిరాయికి ఎవలుంటరు, మేకలా? అతను అడిగిందేంది, నువ్వు చెప్పేదేంది!

ఆడిటర్_పక్కింటోడు
పన్ను ముచ్చట ఒకటి. వచ్చిన కిరాయిలకెళ్లి కట్టిన ఇంటి పన్ను, ఆ మిగిలినదాంట్ల 30 శాతం, లోన్ వడ్డీ తీసెయ్యొచ్చు. మొదటి ఏడాది నీ వడ్డీనే మూడున్నర లక్షలు దాటుతది, కిరాయి మొత్తం లక్షా 56 వేలు. కాగితం మీద నష్టమే. ఇన్‌కంటాక్స్ పాత పద్ధతిల (ఓల్డ్ రెజీమ్) ఆ నష్టాన్ని 2 లక్షల దాక జీతంల తగ్గించుకోవచ్చు, కొత్త పద్ధతిల కుదరది. “పన్ను కలిసొస్తది” అని బిల్డర్ ఊదరగొడితే, నువ్వు ఏ పద్ధతిల ఉన్నవో చూసుకొని నమ్ము.

ఓరుగల్లు_పోరడు
అందరికీ థాంక్స్. నేను కొత్త పద్ధతిలనే ఉన్న, అంటే ఆ లాభం కూడా లేనట్టే. ఫ్లాట్ ఆపేసిన. కిషన్‌పుర ఇంటోళ్లు 52 అంటున్నరు, రెండు పోర్షన్లే, మీటర్ ఒకటే. పైన ఇంకోటి ఏసుకోవచ్చని ఓనర్ అంటుండు. ఆదివారం నాన్న బయానా ఇద్దామంటుండు.

బ్యాంకు_బాబాయ్
ఆదివారం వద్దు. ముందు 30 ఏండ్ల ఈసీ తీయి (ఇల్లు ఎవలెవల చేతులు మారిందో, అప్పులేమన్న ఉన్నయో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం), పర్మిషన్ ప్లాన్ జిరాక్స్ అడుగు, అవి పట్టుకొని బ్యాంకుల చూపించు. “పైన ఏసుకోవచ్చు” అన్నమాటకు పైస ఎక్కువ పెట్టకు, పిల్లర్ల మీద కట్టిన్రా, ఉత్త గోడల మీదనా చూడు.

మూడు_పోర్షన్ల_అక్క
రెండో మీటర్ ఖర్చు ఓనర్ మీదనే ఏసి బేరం చెయ్యి. 52 అన్నోడు 49కి దిగుతడు, నాన్నను మాట్లాడనియ్యి.