పర్లాకిమిడి కొండలకి సైకిల్ బిగించుకుంటున్నాను, గేర్ల దగ్గర ఆగిపోయాను

మందులకొట్టు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. వయసు 43, బరువు 74 కిలోలు, మందుల దుకాణం. ఆదివారం పూట షాపు మా తమ్ముడికి అప్పజెప్పి తెల్లారకముందే సైకిలెక్కుతాను. ఒక వారం పాతపట్నం మీదుగా టెక్కలి వైపు, అంతా తారు. ఇంకో వారం గండాహతి జలపాతం వైపు కొండల్లోకి. అటు తారు ఎక్కడ ఆగిపోతుందో ఆ ఏటి వానల్ని బట్టి ఉంటుంది. సవర ఊళ్ళలో సిమెంటు రోడ్డు బాగానే ఉంటుంది, చివరి ఇల్లు దాటగానే మొరం. ఆ తర్వాత జీడితోటల్లో ఉత్త ఎర్రమట్టి.

ఇప్పుడున్నది సెకండ్‌హ్యాండ్ రోడ్ బైకు. ముందు రింగులకి 50/34 పళ్ళు, వెనక చక్రాలకి 11 నుంచి 28 పళ్ళు. టైరు 25 ఎంఎం, అంతకన్నా లావుది ఫ్రేములో పట్టదు. హ్యాండిల్ కిందకి ఉండి రెండు గంటలకే మెడ పట్టేస్తుంది. పోయిన ఆషాఢంలో మట్టి ముద్దకట్టి, దాంట్లో జీడిపుల్ల ఒకటి చిక్కి, వెనక డిరైలర్‌ని (చైనుని ఒక గేరు నుంచి ఇంకోదాని మీదకి జరిపేది) పట్టి ఉంచే హ్యాంగర్ ఫట్‌మని రెండు ముక్కలైంది. అనాసపళ్ళ ఆటోలో పళ్ళ మీద కూర్చుని ఇంటికొచ్చాను. రెండుసార్లు ఉతికినా షర్టుకి ఆ వాసన పోలేదు. విరిగిన ముక్క ఫొటో తీసి ఒక పెద్ద ఊరి షాపుకి పంపితే రెండుసార్లు వేరే మోడల్‌ది పంపారు. నలభై రోజులు సైకిల్ గోడకే.

అందుకే ఈసారి ఫ్రేము, చక్రాలు, గేర్లు విడివిడిగా కొని బిగించుకుందామని. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీలు ఫ్రేము, డిస్క్ బ్రేకులు, 40 ఎంఎం టైర్లు. మొత్తం తొంభై వేలు (ఇంట్లో అరవై అని చెప్పాను). ముందు ఒకటే రింగా, రెండా? బ్రేకులు ఆయిల్‌వా, వైరువా? ఇంకోటి, స్టీలైతే విరిగినా మా వీధి చివర వెల్డింగ్ షాపులో అతికించేస్తారని నా ధైర్యం. సరైనదేనా?

బరంపురం బెల్లు

అన్నా, కళ్ళు మూసుకుని ముందు ఒకటే రింగు పెట్టేయ్. 40 రింగు, వెనక 11-42. బురదలో ముందు డిరైలర్ ఇరుక్కునే బాధే ఉండదు, ఎడమచేతికి పని లేదు. బ్రేకులు ఆయిల్‌వే. ఘాట్ దిగేటప్పుడు ఒక్క వేలితో ఆగుతుంది. నేను తప్తపాణి వైపు ఏడాదిగా తిరుగుతున్నా, ఇంతవరకు ఒక్క సమస్య లేదు.

ఫిట్టర్ తాత (గుణుపురం)

బాబూ, ముందు వెల్డింగ్ సంగతి. నేను ముప్పై ఏళ్ళు రైల్వేలో ఫిట్టరుగా చేసినవాణ్ణి. ఆ ధైర్యం ఇవాళే వదులుకో. మంచి క్రోమోలీ గొట్టం చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉంటుంది. ఆ మధ్యభాగం 0.5, 0.6 ఎంఎం, అంతే. గేట్లకీ కిటికీ ఊచలకీ వేసే ఆర్క్ వెల్డింగ్ దాని మీద పెడితే అతుకు పడదు, బొక్క పడుతుంది. టిగ్ వెల్డింగ్ చేతనైనవాడో, గ్యాసుతో ఇత్తడి అతుకు వేసే పాతకాలం పనివాడో కావాలి. అలాగని స్టీలు వద్దనను. పగులు వస్తే ఎక్కువసార్లు పెయింటు మీద సన్నటి తుప్పు గీతగా ముందే కనబడుతుంది. వానలకి ముందు సీటు గొట్టం పీకి లోపల కాస్త నూనె వంచు. పెడళ్ళ ఇరుసు కింద నీళ్ళు కారే రంధ్రం ఉందో లేదో కొనేటప్పుడే చూడు.

ఇక గేర్లు. పెన్ను పట్టి లెక్క వేశాను. నీ పాత సైకిల్‌లో అన్నిటికన్నా తేలిక గేరు 34కి 28, అంటే పెడలు ఒక చుట్టుకి చక్రం 1.21 చుట్లు. ఎక్కుడులో నిమిషానికి 60 తిప్పితే గంటకి 9 కిలోమీటర్ల వేగం. గండాహతి దారిలో అంతకన్నా నెమ్మదిగా ఎక్కాల్సిన చోట నీ కాలు తిరగదు, బిగుసుకుంటుంది. బెల్లు చెప్పిన 40కి 42 అయితే 0.95, వేగం ఏడున్నర. ముందు 46/30, వెనక 11-34 పెడితే 0.88, వేగం ఏడు. ఈ రెండింటికీ తేడా అరకిలోమీటరు. పై గేరులోనూ అంతే, 40కి 11తో నిమిషానికి 90 తిప్పితే 43 దాకా పోతావు. టెక్కలి రోడ్డు మీద ఎదురుగాలికి 43 ఎవడు తొక్కుతాడు? గేర్ల లెక్కలో ఇద్దరూ గెలిచినట్టే.

నేను రెండు రింగులంటాను, కారణం వేరే. వెనక గేరు వైరు ఎక్కువగా తెగేది హ్యాండిల్ మీది లివరు లోపల, మెలిక తిరిగే చోట. తెగగానే చైను వెనక చిన్న చక్రం, 11 మీదకి జారిపోతుంది. ఒకటే రింగైతే 40కి 11 మీద మిగిలిపోతావు. దాంతో కొండ కాదు గదా, ఊరి చెరువు గట్టు కూడా ఎక్కలేవు. రెండు రింగులుంటే చైను చిన్నదాని మీదకి వేసుకుంటావు, 30కి 11. చదునులో తొక్కొచ్చు, ఎక్కుడులో నడవొచ్చు. నాకు కిందటేడు ఇదే జరిగింది. సాయంత్రం నాలుగింటికి తెగితే ఆరున్నరకి ఇంటి దగ్గర టీ తాగాను.

షిమానో వాళ్ళు 2019లో గ్రావెల్ (మొరం, మట్టి దారుల) సైకిళ్ళ కోసం జీఆర్ఎక్స్ అనే గేర్ల సెట్టు తెచ్చారు. అందులో 10 స్పీడుకి కూడా 46/30 క్రాంకు (పెడళ్ళూ ముందు రింగులూ బిగించే భాగం) ఉంది. వెనక డిరైలర్ ఆర్ఎక్స్400 తీసుకో, వాళ్ళదే టియాగ్రా 4700 లివర్లతో పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త. లావు టైరుకి చోటివ్వడానికి ఆ క్రాంకులో రింగులు రెండున్నర ఎంఎం బయటికి జరిపి ఉంటాయి, కాబట్టి ముందు డిరైలర్ కూడా జీఆర్ఎక్స్‌దే కొను. వేరేది పెట్టి తర్వాత తిట్టుకోకు.

మందులకొట్టు

తాతగారూ, చెరువు గట్టు మాటకి షాపులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను, ఎదురుగా పారాసిటమాల్ కోసం వచ్చినాయన అదోలా చూశాడు. మరి హ్యాంగర్, బ్రేకులు?

ఫిట్టర్ తాత

హ్యాంగర్ విరగడం తప్పు కాదు. డిరైలర్, ఫ్రేము బతకాలనే అది విరుగుతుంది. ప్రతి ఫ్రేముకీ ఒక్కో ఆకారం, అదీ గోల. స్రామ్ వాళ్ళ యూనివర్సల్ హ్యాంగర్ పట్టే ఫ్రేము దొరికితే అది తీసుకో. దొరక్కపోతే ఫ్రేముతోపాటే అదే హ్యాంగర్ రెండు కొని ఒకటి సీటు కింద సంచిలో పడెయ్.

బ్రేకులు నీకు వైరువే. బెల్లు ఉండేది బరంపురంలో, ఆయిల్ మార్చేవాడు దొరుకుతాడేమో. నువ్వు ఆ సామాన్లు పోస్టులో తెప్పించుకోవాలి. అయితే వైరు కూడా ఏదంటే అది పట్టదు. మన ఊళ్ళలో దొరికే గేరు సైకిల్ బ్రేకు వైరుకి తల చిన్న డోలులా ఉంటుంది. వంపు హ్యాండిల్ లివరుకి కావాల్సింది బేరిపండు ఆకారం తల. అలాంటివి రెండు, గేరు వైరు ఒకటి దగ్గర పెట్టుకో.

చక్రాలకి ముందూ వెనకా 32 చువ్వలు, మామూలు వంపు తలవి. తక్కువ చువ్వల ఫ్యాన్సీ చక్రాల జోలికి పోకు. రాడ్ బ్రేకుల సైకిళ్ళకి ముందు 32, వెనక 40 చువ్వలు అల్లిన ముసలాయన మీ ఊళ్ళో ఒక్కడైనా ఉంటాడు. ఆయనకి డిస్క్ హబ్బు (డిస్క్ బ్రేకు పట్టే చక్రం నడిభాగం) కొత్తేమో గానీ, వేలితో మీటి చువ్వ బిగువు చెప్పేయడం కొత్త కాదు. చక్రానికి ఒకే పక్కనున్న చువ్వలన్నీ ఒకే మోత మోగాలి.

మెడ నొప్పికి పాత సైకిల్ కొలువు. నేల నుంచి హెడ్ గొట్టం (హ్యాండిల్ కింద ఫ్రేము ముందు ఉండే గొట్టం) పైఅంచు దాకా ఎంతో చూసి, అందులోంచి నేల నుంచి పెడళ్ళ ఇరుసు మధ్య దాకా ఉన్న ఎత్తు తీసెయ్. వచ్చేదే స్టాక్. కొత్త ఫ్రేముకి అది 20, 30 ఎంఎం ఎక్కువుండాలి.

ట్యూబు దాసు (రాయగడ)

ఒక్క ముక్క. రిమ్ము 622 సైజే తీసుకోండి, 700సీ అన్నా 29 అంగుళాలన్నా అదే. 29 ట్యూబు ఇప్పుడు చిన్న ఊళ్ళలోనూ దొరుకుతుంది. మన పాత 28 అంగుళాల సైకిల్ టైరు చూసి దగ్గరి సైజే కదా అనుకోవద్దు, దాని కొలత 635, ఎక్కదు. రిమ్ముకి లావు వాల్వు రంధ్రం ఉంటే బైకులకి గాలి కొట్టే గొట్టంతోనే కొట్టించుకోవచ్చు. ట్యూబ్‌లెస్ మంచిదే గానీ లోపలి ద్రవం మన ఎండలకి తొందరగా ఎండిపోతుంది, తుమ్మముల్లు దిగినరోజే ఆ సంగతి తెలుస్తుంది. నేను ట్యూబులే.

బరంపురం బెల్లు

గేరు వైరు సంగతి నేను ఆలోచించలేదు. ఇప్పుడే వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చా. ఆయిల్ బ్రేకుల మీద మాత్రం నా మాట నాదే.

మందులకొట్టు

స్టాక్ కొలిచాను, 545 వచ్చింది. 570 ఉన్న ఫ్రేము ఒకటి చూశాను. 46/30, టియాగ్రా లివర్లు, వైరు డిస్కులు, 32 చువ్వలు, ట్యూబులు. ముసలాయన దొరికాడు, రాజుగారి కోట వైపు సందులో. డిస్క్ హబ్బు ఫొటో చూపిస్తే కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూసి, "ఈ పక్క చువ్వ, ఆ పక్క చువ్వ ఒకే పొడవు కాదు బాబూ, రెండు సైజులు తే" అన్నాడు. తాతగారూ, 40 ఎంఎం టైరుకి ట్యూబుతో గాలి ఎంత పెట్టమంటారు?

ఫిట్టర్ తాత

నీ బరువుకి వెనక 45 పీఎస్ఐ, ముందు 40తో మొదలుపెట్టు. మొరం మీద రాయి తగిలి రిమ్ము టక్‌మంటే ఇంకో మూడు పెంచు. ఆ రెండు సైజుల చువ్వలూ నాలుగేసి ఎక్కువ తెప్పించు.