పుట్టకొక్కు, పాల పుట్టగొడుగు ఒకే కుటుంబమా? పాత నోట్సులో వేరేగా ఉంది

మృగశిర_చినుకు:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను, మాది వికారాబాద్ పక్కన ఊరు. మొన్న ఇంటికి వెళ్తే తాత తెల్లవారకముందే చెలకకు పోయి పుట్ట పక్కన మొలిచిన పుట్టకొక్కులు తెచ్చాడు, అమ్మ కూర చేసింది. తింటూ ఉంటే పరీక్షలో వచ్చే ప్రశ్న గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది. ఇవి టెర్మిటోమైసిస్ అని తెలుసు, కానీ సీనియర్ల నోట్సులో దీన్ని ట్రైకోలొమటేసీలో పెట్టారు, లైబ్రరీలో ఒక పాత పుస్తకం అమానిటేసీ అంటోంది, ఇంటర్నెట్‌లో చూస్తే లయోఫిల్లేసీ. పైగా అదే లయోఫిల్లేసీలో మార్కెట్లో దొరికే పాల పుట్టగొడుగు కూడా ఉందట! తాత తెచ్చినదానికి టోపీ మధ్యలో మొన ఉంది, కాడ వేరులాగా సన్నబడి మూరెడు లోతుకు దిగింది. పాల పుట్టగొడుగేమో తెల్లగా, బొద్దుగా, లావుపాటి కాడతో గడ్డి బెడ్ల మీద వస్తుంది. ఏం పోలిక చూసి ఈ రెండింటినీ ఒక గూటికి చేర్చారు? పరీక్షలో ఏది రాయాలి?

బీజపు_ముద్ర:
లయోఫిల్లేసీ అనే రాయండి. నోట్సు రాసినవాళ్లది కూడా పూర్తిగా తప్పు కాదు, వాళ్లు చదివిన రోజుల్లో ఉన్నది అదే.

పైకి పోలిక వెతికితే మీకు దొరకదు, ఎందుకంటే ఈ కుటుంబాన్ని కట్టింది పై పోలికతో కాదు. పాతకాలంలో చూసేది టోపీ కింద మొప్పలు కాడకు అతుక్కున్నాయా విడిగా ఉన్నాయా, కాడకు ఉంగరం, అడుగున సంచి ఉన్నాయా, స్పోర్ ప్రింట్ (టోపీ బోర్లిస్తే రాలిన స్పోర్లు, అంటే బీజాల పొడి, కాగితం మీద వేసే ముద్ర) ఏ రంగు, ఇంతే. లేతరంగు ప్రింట్ ఇచ్చి, ఉంగరం, సంచి లేనివాటిని చాలావరకు ట్రైకోలొమటేసీలో వేసేవారు. అలా ఆ కుటుంబం ఇంటి అటకలా తయారైంది, ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ అక్కడికే చేరాయి. టెర్మిటోమైసిస్‌ను 1942లో రోజే హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రత్యేక ప్రజాతిగా నిలబెట్టాడు. దాని స్పోర్ ప్రింట్ కొంచెం గులాబి కలిసిన మీగడ రంగు, మొప్పలు కాడకు అంటవు. అవి చూసి ఒకరు ప్లూటియేసీ అన్నారు, ఒకరు అమానిటేసీ అన్నారు.

అసలు ఆనవాలు లోపల ఉంది. స్పోర్లు పుట్టే కణాన్ని బసిడియం అంటారు కదా, దాన్ని ఇనుము కలిపిన అసిటోకార్మైన్ అనే రంగు ద్రావణంలో వేడిచేస్తే కొన్ని పుట్టగొడుగుల్లో ముదురు రంగు రేణువులు కనిపిస్తాయి. 1930లలో క్యూనర్ అనే మరో ఫ్రెంచి ఆయన ఈ రేణువులకు వర్గీకరణలో విలువ ఉందని పట్టుకున్నాడు. లయోఫిల్లమ్, కాలోసైబ్ (మీ పాల పుట్టగొడుగు ప్రజాతి ఇదే), టెర్మిటోమైసిస్ అన్నిట్లోనూ అవి ఉన్నాయి. 1981లో యూలిష్ అనే శాస్త్రవేత్త లయోఫిల్లేసీని విడి కుటుంబంగా పెట్టాడు, అయినా చాలామంది ఒప్పుకోలేదు. 2000 ప్రాంతంలో డీఎన్ఏ పోల్చి చూశాక టెర్మిటోమైసిస్ నేరుగా ఈ గుంపు మధ్యలోకి వచ్చి కూర్చుంది. నాకు ఈ కథలో బాగా నచ్చేది అదే, మైక్రోస్కోపు కింద రంగు పట్టిన చిన్న రేణువు అరవై ఏళ్ల ముందే సరైన దారి చూపించింది.

కొక్కుల_రైతు:
గుంటూరు దగ్గర నాలుగేళ్లుగా పాల పుట్టగొడుగు పెంచుతున్నాను, అందుకే రాస్తున్నా. ఇది మన దేశపుదే అని చాలామందికి తెలియదు. 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి కాలోసైబ్ ఇండికా అని పేరు పెట్టారు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఏపీకే 2 అనే రకం విడుదల చేశాక దక్షిణాదిలో బాగా పాకింది. బటన్ పుట్టగొడుగుకు చల్లటి గది కావాలి, దీనికి 30 నుంచి 35 డిగ్రీల వేడి హాయిగా సరిపోతుంది, మన వేసవికి ఇంతకన్నా ఏం కావాలి. గడ్డి ఉడకబెట్టి, ఆరబెట్టి, స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) చల్లి, తెల్లగా అల్లుకున్నాక పైన కేసింగ్ మట్టి వేసి తేమ చూసుకుంటే చాలు. కోసిన తరవాత కొన్ని రోజులున్నా రంగు మారదు.

నా సందేహం వేరు. రెండూ ఒకే కుటుంబం అయితే పుట్టకొక్కును కూడా ఇలా బెడ్ల మీద ఎందుకు పెంచలేకపోతున్నాం? వానాకాలం వస్తే జనం దానికి ఎంతైనా ఇచ్చి కొంటారు.

బీజపు_ముద్ర:
అన్నా, అది ఒంటరిగా బతికే శిలీంధ్రం కాదు, దానికి రైతులు వేరే ఉన్నారు. చెదపురుగులు.

పని చెదలు ఎండుటాకు, పుల్ల, గడ్డి తిని, సగమే అరిగిన దాన్ని శిలీంధ్రపు స్పోర్లతో కలిపి పుట్టలోపల మెత్తటి తేనెపట్టులా కట్టుకుంటాయి. ఆ పట్టు మీద శిలీంధ్రం పెరిగి, చెదలు అరిగించుకోలేని కర్రపదార్థాన్ని విరగ్గొడుతుంది. దాని మీద గుండుసూది తలంత తెల్లటి బొడిపెలు వస్తాయి, అవీ పండిన పట్టూ చెదలకు తిండి. వానలకు నేల తడిశాక ఆ పట్టు నుంచే కాడ పైకి లేస్తుంది. తాత తెచ్చినదానికి మూరెడు వేరులాంటి కాడ ఉన్నది అందుకే, అది పట్టు దాకా వెళ్లిన దారి. ఈ సేద్యం ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కింద ఒక్కసారే మొదలైందని, అక్కడి నుంచి ఆసియాకు వచ్చిందని పరిశోధకులు తేల్చారు. ఆ పని పట్టిన చెదజాతుల్లో ఒక్కటీ మళ్లీ మానలేదు. ల్యాబులో బూజుగా పెంచవచ్చు కానీ, గడ్డి బెడ్డు మీద నమ్మకంగా గొడుగు తెప్పించే పద్ధతి ఇంతవరకు రైతుల చేతికి రాలేదు.

అందుకే నాకనిపిస్తుంది, పుట్టగొడుగు అన్న మాట మొదట ఈ ఒక్కదానికే పుట్టి ఉంటుంది. పుట్ట మీది గొడుగు. తరవాత అన్నిటికీ వాడేశాం.

ఒకే కుటుంబంలో బతుకులు ఎంత తేడానో చూడండి. కాలోసైబ్ కుళ్లిన ఆకూ గడ్డీ మీద బతుకుతుంది. జపాన్ వాళ్లు ప్రాణంగా చూసుకునే హోన్‌షిమెజి, అంటే లయోఫిల్లమ్ షిమెజి, పైన్, ఓక్ చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుంటుంది. హిప్సిజైగస్ చెక్క మీద వస్తుంది, దాన్ని చూసి ఆయిస్టర్ అనుకుంటారు, కానీ ఆయిస్టర్ కుటుంబం వేరే. ఆస్టెరోఫోరా అయితే కుళ్లుతున్న వేరే పుట్టగొడుగుల నెత్తిన మొలుస్తుంది! 2008 లెక్కలో 8 ప్రజాతులు, 157 జాతులు ఉండేవి, ఆ తరవాత కొత్త ప్రజాతులు చాలా చేరాయి. దగ్గరి చుట్టం ఎంటొలొమటేసీ, దాని స్పోర్లు గులాబి రంగులో మూలలు తేలి ఉంటాయి.

సంత_దారి:
మాది అరకు వైపు. వానలు పడగానే సంతలో అడ్డాకుల్లో చుట్టి అమ్ముతారు. ఒక్క మాట చెప్పాలి, దయచేసి ఎవరూ పుట్టను గునపంతో తవ్వకండి. కాడను మెల్లగా కదిపి తీస్తే చాలు. లోపల పట్టు బాగుంటే, చెదలు బతికుంటే వచ్చే ఏడు కూడా అదే చోట వస్తాయి. మా పొలం గట్టు మీద ఒక పుట్ట ఉండేది, చదును చేసిన ఏడాది నుంచి ఒక్క కొక్కు రాలేదు, ఇప్పటికీ ఆ గట్టు మీద నడిస్తే మనసు కలుక్కుమంటుంది.

ఇంకోటి, తెల్లగా పెద్దగా ఉన్నదల్లా పుట్టకొక్కు కాదు. వానకు గడ్డి మైదానాల్లో క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనేది విపరీతంగా వస్తుంది, తింటే వాంతులు, విరేచనాలు. టోపీ మీద గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు మొప్పలు తెల్లగానే ఉండి మోసం చేస్తాయి, ముదిరితే ఆకుపచ్చకు తిరుగుతాయి. వెండి చెంచా నల్లబడలేదు, చీమలు తిన్నాయి లాంటి పరీక్షలు నమ్మకండి. తాతలా ఏళ్ల తరబడి తెచ్చినవాళ్లు చూసి చెప్తేనే తినండి.

మృగశిర_చినుకు:
చాలా థాంక్స్ అండీ, ఇన్నాళ్లూ బట్టీ కొట్టిన పేరు వెనక ఇంత ఉందని తెలియదు. ఇంకొక్కటి. మా చెలకలోనే కొన్నిసార్లు గోరంత చిన్నవి, వందల్లో, నేల మీద ముగ్గు చల్లినట్టు వస్తాయి. వాటికి పొడుగు కాడ లేదు. అవీ ఇదే ప్రజాతా?

బీజపు_ముద్ర:
అవి చాలావరకు టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అయి ఉంటాయి. చెదలు తమ పట్టు ముక్కల్ని బయటికి తెచ్చి నేల మీద పరుస్తాయి, వాటి మీద ఇవి మొలుస్తాయి, లోతు నుంచి రావు కాబట్టి పొడుగు కాడ అక్కర్లేదు. ఇదే ప్రజాతిలో జాంబియా నుంచి 1980లో పేరు పెట్టిన టైటానికస్ టోపీ మీటరు వెడల్పు దాకా పోతుంది. గోరంత నుంచి గొడుగంత వరకు, ఒక్క ప్రజాతిలో.

ఈసారి ఊరెళ్తే తాత తెచ్చినదాంట్లో ఒకటి కూరలో పడకముందే పక్కకు తీయండి. కాడ కోసేసి, సగం నల్ల కాగితం సగం తెల్ల కాగితం మీద మొప్పలు కిందికి వచ్చేలా బోర్లించి, పైన గిన్నె మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న రెండు కాగితాల మీదా ఏ రంగు పడిందో ఇక్కడ రాయండి.